కర్తవ్యం (1990 సినిమా)

కర్తవ్యం 1990లో విడుదలైన తెలుగు చలనచిత్రం. విజయశాంతి ప్రధాన పాత్ర ధరించిన ఈ చిత్రానికి ఎ.మోహన గాంధీ దర్శకుడు, ఎ.ఎం.రత్నం నిర్మాత. పరుచూరి సోదరులు సంభాషణలు రచించగా, రాజ్-కోటి సంగీతం సమకూర్చారు. నేరపరిశోధన, పోలీసు వ్యవస్థ ఇతివృత్తంగా, ఒక మహిళను కథానాయక స్థానంలో నిలిపి వ్యాపారపరంగా ఘనవిజయం సాధించిన తెలుగు చిత్రాలలో ఇది ముఖ్యమైనది.

నేపథ్యం

1985లో టి.కృష్ణ దర్శకత్వంలో వచ్చిన ప్రతిఘటన చిత్రంలో విజయశాంతి అధ్యాపకురాలి పాత్ర పోషించింది. న్యాయం దొరకని స్థితిలో ఆ పాత్ర చివరకు తానే గొడ్డలి చేపట్టి దుర్మార్గుని సంహరిస్తుంది. ఐదేళ్ళ తరువాత వచ్చిన కర్తవ్యంలో అదే నటి చట్టాన్ని అమలుచేసే అధికారిణిగా కనిపించింది. అన్యాయానికి గురైన స్త్రీ చట్టం వెలుపల పోరాడటం నుండి, చట్టం లోపల నిలిచి పోరాడటం వైపు కథ మారటం ఈ రెండు చిత్రాల మధ్యగల ప్రధానమైన తేడా.

కథానాయిక వైజయంతి పాత్రకు కిరణ్ బేడీ స్ఫూర్తి అని చెబుతారు. ఆమె 1972లో భారత పోలీసు సర్వీసులో చేరిన తొలి మహిళ.

కథాంశం

వైజయంతి నిజాయితీగల పోలీసు అధికారిణి. పలుకుబడి గల ముద్దుకృష్ణయ్య (అట్లూరి పుండరీకాక్షయ్య) అక్రమాలను ఆమె ఎదిరిస్తుంది. అత్యాచారానికి గురైన కరుణ (మీనా) పక్షాన నిలబడుతుంది. తీవ్రంగా గాయపడి కదలలేని స్థితికి చేరినా, పట్టుదలతో కోలుకొని తిరిగి విధులలో ప్రవేశిస్తుంది. వినోద్ కుమార్, చరణ్ రాజ్ ఇతర ముఖ్యపాత్రలలో నటించారు.

పురస్కారాలు

ఈ చిత్రానికిగాను విజయశాంతి 38వ జాతీయ చలనచిత్ర పురస్కారాలలో ఉత్తమ నటిగా ఎంపికైంది. నంది పురస్కారం కూడా లభించింది. తెలుగు చిత్రాలలో నటనకు అంతకు ముందు ఈ జాతీయ పురస్కారం పొందినవారు ఇద్దరు: నిమజ్జనం (1978) చిత్రానికి శారద, దాసి (1988) చిత్రానికి అర్చన. ఆ రెండూ సమాంతర సినిమా కోవకు చెందినవి. పోరాట సన్నివేశాలు నిండిన వ్యాపార చిత్రానికి ఈ గౌరవం దక్కటం విశేషం.

ఇతర భాషలలో

తమిళంలో వైజయంతి ఐ.పి.ఎస్. పేరుతో అనువదించబడింది. హిందీలో ఎన్.చంద్ర దర్శకత్వంలో విజయశాంతియే నాయికగా తేజస్విని (1994) పేరుతో పునర్నిర్మించబడింది. ప్రతిఘటనను హిందీలో ప్రతిఘాత్ (1987)గా తీసినది కూడా ఈ దర్శకుడే.

బుల్లితెరపై ఇదే కోవ

కర్తవ్యం విడుదలైన కాలంలోనే దూరదర్శన్ జాతీయ ప్రసారాలలో ఉడాన్ (1989-91) అనే హిందీ ధారావాహిక వచ్చేది. కవితా చౌదరి దానికి రచన, దర్శకత్వం చేసి, కల్యాణి అనే పోలీసు అధికారిణి పాత్రను తానే ధరించింది. ఆమె సోదరి కాంచన్ చౌదరి భట్టాచార్య జీవితం దానికి ఆధారం. కాంచన్ 2004లో ఉత్తరాఖండ్‌లో రాష్ట్ర పోలీసు డైరెక్టర్ జనరల్ పదవిని చేపట్టి, దేశంలో ఆ పదవి పొందిన తొలి మహిళ అయింది. సినిమాలో నాయిక బలం పోరాటాలలో కనిపించగా, ధారావాహికలో కుటుంబం, చదువు, శిక్షణల మీదుగా ఆమె ఎదుగుదల కనిపించింది.

తెలుగులో 1995లో ప్రారంభమైన ఈటీవీలో వంశీ దర్శకత్వం వహించిన లేడీ డిటెక్టివ్ ధారావాహిక ప్రసారమైంది. పేరులోనే సూచించినట్లు, ఇందులో పరిశోధకురాలు యూనిఫాం అవసరం లేని స్త్రీ.

ప్రభావం

ఈ విజయం తరువాత విజయశాంతి పోలీస్ లాకప్ (1993), ఒసేయ్ రాములమ్మ (1997) వంటి నాయికాప్రధాన చిత్రాలలో నటించింది. ఆమెకు "లేడీ అమితాబ్" అనే పేరు వచ్చింది. నాయిక స్థాయిని చెప్పటానికి కూడా ఒక కథానాయకుని పేరే కొలమానం కావటం ఆనాటి పరిశ్రమ తీరును తెలుపుతుంది.

వాస్తవ జీవితంలో ఆంధ్రప్రదేశ్ కేడర్‌కు చెందిన తొలి మహిళా ఐ.పి.ఎస్. అధికారిణి అరుణా బహుగుణ 2014లో హైదరాబాదులోని సర్దార్ వల్లభాయ్ పటేల్ జాతీయ పోలీసు అకాడమీకి తొలి మహిళా సంచాలకురాలు అయింది.

2025లో విడుదలైన అర్జున్ సన్నాఫ్ వైజయంతి చిత్రంలో విజయశాంతి మరల వైజయంతి అనే పోలీసు అధికారిణిగా నటించింది. ముప్పై ఐదేళ్ళ తరువాత కూడా ఆ పేరు ప్రేక్షకులకు గుర్తున్నదనటానికి ఇది నిదర్శనం.