దోమతెర చరిత్ర: సికింద్రాబాద్ నుంచి ఏక్‌బాల్‌పూర్ దాకా

సావనీరుకు ఏదైనా చరిత్ర వ్యాసం రాయమని మన సంఘం కార్యదర్శి గారు ఫోన్ చేశారు. యుద్ధాల గురించి, పతకాల గురించి రాసే పెద్దలు మనలో చాలామంది ఉన్నారు. నేను ఇంటర్ చదివి సిపాయిగా చేరి సుబేదార్‌గా పెన్షన్ వచ్చినవాణ్ణి. నాకు తెలిసిన ఒక చిన్న వస్తువు చరిత్ర రాస్తాను. అది దోమతెర. మన కిట్‌లో అందరికీ ఉండేదే, మనలో చాలామంది లెక్కచేయనిదే.

2001లో నాకు కలకత్తా పోస్టింగ్ వచ్చింది. ఫ్యామిలీ క్వార్టర్‌కు వెయిటింగ్ లిస్టు పెద్దగా ఉండడంతో అవుట్ లివింగ్ పర్మిషన్ తీసుకుని ఏక్‌బాల్‌పూర్‌లో రెండు గదుల ఇల్లు అద్దెకు తీసుకున్నాను. ఖిదిర్‌పూర్, మోమిన్‌పూర్ల పక్కనే ఉండే పేట అది. ఇరుకు సందులు, ఆనుకుని ఇళ్లు, ప్రతి ఇంటి ముందూ నీళ్లు పట్టిన డ్రమ్ములు. సాయంత్రమైతే దోమలు గుంపులుగా వచ్చేవి. నేను రోజూ ఒక కాయిల్ వెలిగించి పని అయిపోయిందనుకునేవాణ్ణి.

ఇంటి ఓనరు వాళ్ల అమ్మగారు పెద్దావిడ. మొదటి వారంలోనే మా గది చూసి, "ఫౌజీ బేటా, మచ్ఛర్‌దానీ ఏదీ?" అని అడిగింది. బెంగాలీలు దాన్నే మశారి అంటారు. అక్కడ పేదవాడి ఇంట్లో కుర్చీ లేకపోయినా మశారి ఉంటుంది. "ఉక్కపోస్తుంది చాచీ, మాకు అలవాటు లేదు" అన్నాను. మా ఆవిడ కూడా "ఏమండీ, ఒకటి కొనండి" అని రెండుసార్లు చెప్పింది. వచ్చే జీతానికి చూద్దాంలే అన్నాను. యూనిట్‌లో నా కిట్ లేఅవుట్‌లో దోమతెర చక్కగా మడతపెట్టి ఉండేది. ఇంట్లో మాత్రం లేదు.

సెప్టెంబరులో మా నాలుగేళ్ల పాపకు జ్వరం వచ్చింది. రోజు విడిచి రోజు వణుకు, ఒళ్లు కాలిపోవడం. మా శ్రీకాకుళం వైపు మా నాయనమ్మ చలిజ్వరం అని భయంగా చెప్పేది, అదే ఇది. మిలటరీ హాస్పిటల్లో రక్తం స్లైడు చూసి మలేరియా అని చెప్పారు. ఆరు రోజులు అడ్మిట్ చేశారు. దేవుడి దయ, డాక్టర్ల చలవ, పిల్ల బాగుపడింది. డిశ్చార్జి అయిన సాయంత్రమే ఖిదిర్‌పూర్ బజారుకెళ్లి డబుల్ మంచానికి సరిపడే దోమతెర కొన్నాను. నూట ఇరవై రూపాయలు అయింది. ఆ నెలలో నా సిగరెట్ల ఖర్చు అంతకన్నా ఎక్కువ. ఆ లెక్క నన్ను ఇప్పటికీ వదలదు.

హాస్పిటల్లో ల్యాబ్ చూసే హవల్దార్ ఒకాయన ఆ రోజుల్లో నాతో అన్నాడు: "సాబ్, దోమ వల్లే మలేరియా వస్తుందని కనిపెట్టింది మీ సికింద్రాబాద్‌లోనూ, ఈ కలకత్తాలోనూ. కనిపెట్టింది కూడా ఫౌజీ డాక్టరే." అప్పటినుంచి ఆ సంగతులు చదవడం మొదలుపెట్టాను.

ఆ డాక్టరు పేరు రోనాల్డ్ రాస్. 1857లో అల్మోరాలో పుట్టాడు, తండ్రి సైన్యంలో అధికారి. 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరాడు. అప్పట్లో చెడుగాలి వల్ల మలేరియా వస్తుందని జనం నమ్మేవారు. ఆ పేరుకు అర్థమే చెడుగాలి. 1880లో అల్జీరియాలో ఫ్రెంచి సైనిక డాక్టరు లావెరాన్ రోగి రక్తంలో మలేరియా క్రిమిని చూశాడు. అయితే అది మనిషి ఒంట్లోకి ఎలా వస్తుందో ఎవరికీ తెలియదు. దోమల పాత్ర ఉండొచ్చని లండన్‌లో ప్యాట్రిక్ మాన్సన్ అనే డాక్టరు రాస్‌కు చెప్పాడు.

1895లో రాస్ సికింద్రాబాద్‌లో మద్రాసు పదాతి పటాలానికి డాక్టరుగా వచ్చాడు. రెండేళ్లు వందల దోమలను కోసి సూక్ష్మదర్శినిలో చూశాడు. మధ్యలో ఊటీ వైపు వెళ్లి తానే మలేరియా తెచ్చుకున్నాడు. చివరికి ఒక రోగిని తెర లోపల పడుకోబెట్టి, లార్వాల నుంచి పెంచిన దోమలను అందులో వదిలి కుట్టించాడు. ఒక్కో దోమకు ఒక్కో అణా చొప్పున ఆ రోగికి డబ్బులిచ్చాడు. దోమలను బయట ఉంచడానికి పుట్టిన తెర అక్కడ దోమలను లోపల ఉంచడానికి పనికొచ్చిందన్నమాట! 1897 ఆగస్టు 20న, మచ్చల రెక్కల దోమ కడుపు గోడలో మలేరియా క్రిమి పెరుగుతూ కనిపించింది. అందుకే ఆగస్టు 20ని ప్రపంచ దోమల దినంగా జరుపుతారు. బేగంపేటలో ఆ భవనం ఆయన పేరుతోనే ఉంది.

తర్వాత జరిగింది మనందరికీ తెలిసిన సంగతే. పని మంచి పట్టులో ఉండగా పోస్టింగ్ ఆర్డర్ వచ్చింది! రాజపుతానాలోని ఖేర్వాడాకు పంపారు. అక్కడ మలేరియా కేసులు పెద్దగా లేవు. ఎన్నో ఉత్తరాలు రాసుకున్నాక 1898 మొదట్లో కలకత్తాకు స్పెషల్ డ్యూటీ మీద పంపారు. ప్రెసిడెన్సీ జనరల్ హాస్పిటల్ ఆవరణలో చిన్న ల్యాబ్ ఇచ్చారు. ఇప్పుడది ఎస్.ఎస్.కె.ఎం. హాస్పిటల్, జనం పి.జి. అంటారు. మా ఏక్‌బాల్‌పూర్ ఇంటికి అట్టే దూరం కాదు. మనుషుల మీద ప్రయోగం కుదరక రాస్ పిట్టల మలేరియా పట్టుకున్నాడు. 1898 జూలైలో క్రిమి దోమ కడుపులోంచి లాలాజల గ్రంథుల్లోకి చేరుతుందని, అక్కడినుంచి కాటు ద్వారా ఆరోగ్యంగా ఉన్న పిట్టకు ఎక్కుతుందని రుజువు చేశాడు. కిశోరీ మోహన్ బందోపాధ్యాయ్ అనే బెంగాలీ ఆ పనిలో సహాయకుడు. మనుషుల్లోనూ ఇదే జరుగుతుందని ఇటలీలో గ్రాసీ బృందం చూపించింది. 1902లో రాస్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. ఆ హాస్పిటల్ గోడ దగ్గర ఆయన స్మారక ద్వారాన్ని 1927లో ఆయన సమక్షంలోనే ఆవిష్కరించారు. పాపను తీసుకెళ్లి ఆ గేటు చూపించాను.

దోమతెర అసలు చాలా పాతది. ఈజిప్టు జాలర్లు పగలు చేపలు పట్టిన వలనే రాత్రి పడక చుట్టూ కట్టుకునేవారని గ్రీకు చరిత్రకారుడు హెరోడోటస్ రాశాడు. కానీ అది కునుకు కోసం. ప్రాణం కోసం అని తేలింది 1900లో. ఆ ఏడాది ఇటలీలో రోము దగ్గర మలేరియాకు పేరుపడ్డ చిత్తడి ప్రాంతంలో ఇద్దరు డాక్టర్లు వేసవి నుంచి అక్టోబరు దాకా జాలీ బిగించిన గుడిసెలో ఉన్నారు. చీకటి పడకముందే లోపలికి వెళ్లేవారు. మందు వేసుకోలేదు. జ్వరం రాలేదు.

మన సైన్యానికి ఈ పాఠం బర్మా యుద్ధంలో ఖరీదుగా దొరికింది. 1943లో గాయపడి వెనక్కి పంపిన ఒక్కొక్క జవానుకు జబ్బుతో పంపినవాళ్లు 120 మంది అని 14వ ఆర్మీ కమాండర్ జనరల్ స్లిమ్ తన పుస్తకంలో రాశాడు. ఏడాదికి మలేరియా రేటు మొత్తం బలగంలో 84 శాతం. ముందు వరసలో ట్రెంచీల్లో దోమతెర కట్టడం ఎక్కడ కుదురుతుంది? అందుకని మెపాక్రిన్ మాత్ర రోజూ మింగించారు, సూర్యాస్తమయం తర్వాత ఒళ్లు కప్పుకోవాలన్నారు. మాత్రలు మింగించడంలో అలసత్వం చూపిన ముగ్గురు కమాండింగ్ ఆఫీసర్లను స్లిమ్ తీసేశాడు. ఆ తర్వాత మిగతావాళ్లకు విషయం అర్థమైంది. మన రోల్ కాల్‌లో "స్లీవ్స్ డౌన్" అని అరిచేవాళ్లం కదా, దాని వెనక ఇంత కథ ఉంది. నేను కూడా ఎన్నోసార్లు అరిచాను, ఎందుకో తెలియకుండానే.

స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో దేశంలో ఏడాదికి ఏడున్నర కోట్ల మలేరియా కేసులు, ఎనిమిది లక్షల మరణాలు ఉండేవని అంచనా. 1953లో జాతీయ కార్యక్రమం మొదలై డి.డి.టి. చల్లడంతో 1960ల మధ్యకు కేసులు లక్షకు దిగాయి. ఇక పోయిందనుకుని పట్టు సడలించాం. దోమ కూడా మందుకు అలవాటు పడింది. 1976కు కేసులు మళ్లీ 64 లక్షలు. గెలిచిన పోస్టులో సెంట్రీని తీసేస్తే ఏమవుతుందో మనకు ఒకరు చెప్పాలా?

అప్పుడు మళ్లీ పాత దోమతెర గుర్తొచ్చింది. 1980లలో తెరను పురుగుమందులో ముంచే పద్ధతి వచ్చింది. తర్వాత దారంలోనే మందు ఉండి ఇరవై ఉతుకుల దాకా పనిచేసే తెరలు వచ్చాయి. 2000 నుంచి 2015 దాకా ఆఫ్రికాలో 66 కోట్లకు పైగా మలేరియా కేసులు తప్పాయని, అందులో మూడింట రెండు వంతులు ఈ తెరల వల్లేనని శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. మన ఏజెన్సీ గ్రామాల్లోనూ ప్రభుత్వం ఇవి పంచింది.

రిటైరైన మిత్రులకు కొన్ని మాటలు. తెర కొనేటప్పుడు కన్నాలు చూడండి, చదరపు అంగుళానికి 156 ఉండడం మంచి లెక్క. అంచులు పరుపు కిందకి దోపండి. ఒళ్లు తెరకు ఆనకూడదు, ఆనితే బయటినుంచే కుడుతుంది. చిరుగు ఉంటే ఆ రోజే కుట్టండి. మందు తెరను నీడలో ఆరబెట్టండి. డెంగీ దోమ పగలు కుడుతుంది. కలకత్తాలో 1963లోనే డెంగీ పెద్దఎత్తున వచ్చింది. కాబట్టి పసిపిల్లలు, పెద్దవాళ్లు మధ్యాహ్నం పడుకున్నా తెర వేయాలి. నీళ్ల డ్రములకు మూత పెట్టాలి. రాస్ కూడా 1883లో బెంగుళూరులో తన బంగళా దగ్గర తొట్టిలో నీళ్లు ఒంపేసి దోమలు తగ్గడం గమనించాడు. అప్పటికి ఆయనకు ఆ జ్వరం సంగతి తెలియనే తెలియదు.

మా పాపకు పెళ్లయింది, తనకూ ఒక పాప. సారె సామానులో నేను పట్టుబట్టి పెట్టింది ఒక దోమతెర. అందరూ నవ్వారు. మా ఆవిడ నవ్వలేదు. ఏక్‌బాల్‌పూర్ చాచీ మాట ఆవిడకూ గుర్తుంది.

జై హింద్.