ఒక చెరువు, రెండు తూములు

అనంతపురము జిల్లాలోని కళ్యాణదుర్గము ప్రాంతము మెట్టపొలముల సీమ. సాలుకు సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడు ఈ జిల్లాలో, వేరుసెనగ వేయు రైతు నీటిని కొత్తగా సృష్టింపలేడు. ఉన్న నీరు వృథా పోకుండ చూచుకొనుటయే అతని విద్య. ఇట్టి ఊరిలో పదేండ్లనాటి కంప్యూటరుపై ఆటలాడగోరు విద్యార్థి స్థితియు ఇదియే. అతని యంత్రములో ప్రత్యేకమైన గ్రాఫిక్స్ కార్డు ఉండదు. బొమ్మలు గీయు విభాగము ప్రాసెసరులోనే ఇమిడియుండును. కొత్తది కొనుటకు డబ్బు లేనప్పుడు పాతదానిచేత ఎంతవరకు పని చేయింపవచ్చును? ఈ ప్రశ్నకు సమాధానము ఆ విభాగము యొక్క చరిత్రలోనే కలదు.

1993 డిసెంబరులో ‘డూమ్’ అను ఆట వెలువడినది. నాటి సామాన్యుల కంప్యూటర్లలో లోతుగల దృశ్యములను గీయుటకు వేరు యంత్రాంగము లేదు. అడ్డముగా 320, నిలువుగా 200, మొత్తము 64,000 బిందువులను ప్రాసెసరే నింపవలసియుండెను. బలము చాలని యంత్రముల కొరకు జాన్ కార్మాక్ మొదలగు నిర్మాతలు రెండు సదుపాయములు కల్పించిరి. ఆడువాడు దృశ్యపు చట్రమును చిన్నది చేసికొనవచ్చును. లేదా ఒక నిలువుగీతను లెక్కించి, ప్రక్కగీతగా దానినే మరల వేయించుకొనవచ్చును. బొమ్మ కొంత మొరటుగా కనిపించినను ఆట సాఫీగా సాగెడిది.

1996లో ‘వూడూ’ కార్డు వచ్చినది. బొమ్మల లెక్కను అది తన స్వంత మెమరీతో తానే చేసెడిది. కాని అట్టి కార్డులు ఖరీదైనవి. 1999లో ఇంటెల్ సంస్థ తన ‘810’ చిప్‌సెట్‌లో గ్రాఫిక్స్ విభాగమును చేర్చి, కంప్యూటరు యొక్క ప్రధాన మెమరీనే అదియు వాడుకొనునట్లు చేసెను. కార్డు ఖర్చు మిగులుటచే ఆఫీసులకు, పాఠశాలలకు, చిన్న పట్టణములలోని నెట్ సెంటర్లకు ఇట్టి చౌక యంత్రములు అనుకూలించినవి. 2011లో ‘శాండీ బ్రిడ్జ్’ ప్రాసెసర్లతో ఆ విభాగము ప్రాసెసరున్న సిలికాన్ పలకపైకే చేరినది.

ఇచ్చటనే చిక్కు కలదు. మెమరీని ఒక చెరువుగా ఊహింపుడు. ప్రాసెసరు, గ్రాఫిక్స్ విభాగము అను రెండు ఆయకట్టులకును ఆ చెరువే ఆధారము. చెరువులో నీరెంత యున్నను, పొలమునకు చేరునది తూము వెడల్పును బట్టియే. డీడీఆర్3 రకములో 1600 వేగముగల మెమరీ పలక ఒక్కటే యున్నచో, సెకనుకు 1,280 కోట్ల బైట్లు పారును. అట్టివి రెండు పలకలను సరియైన గాడులలో అమర్చినచో రెండు తూములు తెరచినట్లై, ప్రవాహము 2,560 కోట్లకు పెరుగును. 2014 నాటి ‘జీటీఎక్స్ 750 టీఐ’ కార్డునకు 8,640 కోట్ల బైట్ల ప్రవాహము దాని స్వంతము. తేడా ఎంతటిదో దీనివలన తెలియును.

కాబట్టి మొదటి మార్గము రెండవ పలక. 8 గిగాబైట్ల పలక ఒక్కటి కంటె 4 గిగాబైట్లవి రెండు ఆటలకు మేలు. సెట్టింగులలో గ్రాఫిక్స్‌కు ఎక్కువ మెమరీ కేటాయించినంత మాత్రమున వేగము రాదు; అది చెరువులో వాటా పెంచుటయే గాని తూము వెడల్పు చేయుట కాదు.

రెండవ మార్గము డూమ్ నాటిదే. 1920 అడ్డము, 1080 నిలువు గల తెరపై 20,73,600 బిందువులుండును. 1280, 720 లకు దించినచో 9,21,600 మాత్రమే. సగము కంటె తక్కువ. ఇట్లు దించినను వేగము పెరగనిచో లోపము గ్రాఫిక్స్‌ది కాదు, ప్రాసెసరుది అని గ్రహింపవలెను. ఈ చిన్న పరీక్ష వ్యర్థమైన కొనుగోళ్లను ఎన్నింటినో ఆపును. 2021లో ఏఎమ్‌డీ సంస్థ విడుదల చేసిన ‘ఎఫ్ఎస్ఆర్’ పద్ధతియు ఈ సూత్రము మీదనే నడచును: కొద్ది బిందువులతో గీచి, నేర్పుగా పెద్దది చేసి చూపును.

మూడవది వేడి. ప్రాసెసరు సుమారు 100 డిగ్రీలకు చేరినచో తన్ను తాను కాపాడుకొనుటకు వేగము తగ్గించుకొనును. గది కంటె 65 డిగ్రీలు ఎక్కువగా వేడెక్కు యంత్రము, 25 డిగ్రీల గదిలో 90 వద్ద నిలుచును. కళ్యాణదుర్గపు వేసవిలో గది 40 డిగ్రీలున్నచో లెక్క 105కు పోవును. అంతకు ముందే ఆట నత్తనడక పట్టును. దుమ్ము పేరుకొన్న ఫ్యానును శుభ్రపరచి, ఎండిపోయిన థర్మల్ పేస్టును మార్చినచో, పోయిన వేగము తిరిగి వచ్చును. ఇది పైసలలో తేలు వైద్యము.

ఈ హద్దులను జరుపుటలో తెలుగువానికిని పాలు కలదు. 2017లో ఇంటెల్‌లో చేరి గ్రాఫిక్స్ నిర్మాణమునకు నాయకత్వము వహించిన రాజా కోడూరి కాలములో, 2020లో ‘ఐరిస్ ఎక్స్ఈ’ వచ్చినది. అంతకు ముందు సామాన్యమైన ల్యాప్‌టాప్‌లలో 24గా నున్న గణన విభాగములు ఇందు 96 వరకు పెరిగినవి. దానితోపాటు సెకనుకు సుమారు 6,800 కోట్ల బైట్లిచ్చు మెమరీని వాడుటకును వీలు కల్పించిరి. పొలము పెరిగినప్పుడు తూమును పెంచక తప్పదు గదా!

పాత యంత్రమును ఏ ఉపాయమును కొత్తది చేయజాలదు. ‘వేగవర్ధకము’ అని అమ్ము ప్రోగ్రాములు లేని నీటిని తేలేవు. కాని నీరు ఎచ్చట ఆగుచున్నదో ఎరిగినవాడు, కొన్నాళ్ల వరకు కొత్త చెరువు త్రవ్వవలసిన పని లేదు.