తుపాకీ చేతిలోంచి దుర్భిణి చేతికి: న్యూయార్క్ సెంట్రల్ పార్కులో వసంతకాలపు పక్షి వీక్షణ

మధ్య, దక్షిణ అమెరికాల్లోనూ కరేబియన్ దీవుల్లోనూ చలికాలం గడిపిన చిన్న పిట్టలు గూళ్లు కట్టుకోవడానికి ఉత్తరాదికి, కొన్నయితే కెనడా అడవులదాకా, ఏటా ఏప్రిల్ నుంచి మే నెలాఖరు వరకు తిరిగి వెళతాయి. దీనినే వసంతకాలపు గానపక్షుల వలస అంటారు. వీటిలో వీక్షకులు అన్నిటికన్నా ఎక్కువగా ఎదురుచూసేవి వార్బ్లర్లు, అంటే ఆకుల సందుల్లో పురుగులను ఏరుకు తినే, పది గ్రాములకు అటూ ఇటూగా తూగే పిట్టలు. భారతదేశానికి చలికాలంలో వచ్చే వార్బ్లర్లతో వీటికి పేరు కలిసినా కుటుంబం వేరు. అవి ఎక్కువగా మట్టిరంగులోనో లేత ఆకుపచ్చలోనో ఉంటే, అమెరికా జాతుల్లో చాలావాటి మగపిట్టలు ఈ రుతువులో పసుపు, నారింజ, నీలం, నలుపు రంగులు ధరించి ఉంటాయి.

ఈ పిట్టలు ప్రధానంగా రాత్రివేళ, దక్షిణం నుంచో నైరుతి నుంచో వీచే గాలి అండగా ఎగిరి, తెల్లవారుతుండగా తిండికీ విశ్రాంతికీ కిందికి దిగుతాయి. మన్‌హటన్ మీదుగా వెళ్లేవాటికి భవనాల నడుమ కనిపించే విశాలమైన పచ్చదనం ప్రధానంగా 843 ఎకరాల సెంట్రల్ పార్కే కాబట్టి, చుట్టుపక్కల అడవుల్లోనైతే చెదిరిపోయే పక్షులు ఇక్కడ ఒక్కచోట గుమిగూడతాయి. అందులోనూ సుమారు 36 ఎకరాల ‘రాంబుల్’ అనే భాగాన్ని, అనగా వంకరదారులూ బండలూ వాగూ దట్టమైన చెట్లూ గల కృత్రిమ అరణ్యాన్ని, ఫ్రెడరిక్ లా ఓమ్‌స్టెడ్, కాల్వర్ట్ వాక్స్‌లు 1858 నాటి తమ ప్రణాళికలో నగరవాసులు సేదదీరడానికి రూపొందించారే తప్ప పక్షుల కోసం కాదు. మే నెలలో ఓక్ చెట్లు పూతకు వచ్చేవేళకు వాటి లేత ఆకులకు పట్టే గొంగళిపురుగులే వార్బ్లర్లకు ఆహారమవుతాయి.

పార్కు వెలసిన కాలంలో పక్షిశాస్త్రం తుపాకీ మీద ఆధారపడిన విద్య. చెట్టుచివర కదిలే పిట్ట ఏ జాతిదో చెప్పాలంటే దాన్ని కాల్చి, చర్మం ఒలిచి, చేతిలో పెట్టుకుని కొలవవలసిందే. కంటితో చూశానన్న మాటను పండితులు సాక్ష్యంగా అంగీకరించేవారు కారు. మరోవైపు ఈకలతో, ఏకంగా పిట్టల కళేబరాలతో స్త్రీల టోపీలను అలంకరించే ఫ్యాషన్ వేళ్లూనింది. 1886లో ఫ్రాంక్ చాప్‌మన్ అనే యువ బ్యాంకు ఉద్యోగి మన్‌హటన్ అంగళ్ల వీధుల్లో రెండుసార్లు నడిచి, ఎదురైన 700 టోపీల్లో 542 ఈకలతో ఉన్నట్టు లెక్కించి, వాటిలో 40 స్థానిక జాతులను గుర్తుపట్టి, ఆ జాబితాను ప్రకటించాడు. గొంతు నిప్పుకణికలా మెరిసే బ్లాక్‌బర్నియన్ వార్బ్లర్ కూడా ఆ జాబితాలో ఉంది. ఆ పిట్ట రాంబుల్‌లో ప్రతి మే నెలలోనూ దిగేదే కనుక, కొద్ది వీధుల దూరంలో ఒకే జాతి చెట్టుమీద సజీవంగానూ టోపీమీద నిర్జీవంగానూ కనిపించిన కాలం అది. చదివినవారిని ఈ లెక్క కదిలించడంలో వింతలేదు.

పార్కులోకి తుపాకీ తేవడాన్నీ రాళ్లు రువ్వడాన్నీ తొలినాటి నిబంధనలే నిషేధించాయి. కాల్చడానికి వీల్లేని చోట ఇన్ని జాతులు కళ్లెదుటికి వచ్చినప్పుడు, చూసి గుర్తించే పద్ధతిని పెంపొందించుకోక తప్పదు. ఈ విద్య అడవిలోకన్నా నగరంలో త్వరగా బలపడడానికి ముఖ్యకారణం ఇదేనని భావించవచ్చు. ఫ్లోరెన్స్ మెరియమ్ 1889లో వెలువరించిన పుస్తకం నాటకశాలల్లో వాడే చిన్న దుర్భిణితోనే పిట్టలను పరిచయం చేసుకోమని సామాన్య పాఠకులకు నేర్పింది. కొద్ది సంవత్సరాలకే, 1894లో, జర్మనీకి చెందిన జైస్ సంస్థ గాజు పట్టకాలతో కూడిన బైనాక్యులర్లను అమ్మకానికి పెట్టడంతో దూరాన ఉన్న పిట్ట రెక్కమీది తెల్లని చార కూడా స్పష్టంగా కనిపించసాగింది.

అయినా పండితుల సందేహం తీరడానికి మరో తరం పట్టింది. అమెరికన్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీలో పనిచేసిన లడ్లో గ్రిస్కమ్, జాతికొక ప్రత్యేక లక్షణం ఉంటుందనీ దాన్ని పట్టుకున్న కన్ను పొరబడదనీ వాదించి, 1923లో న్యూయార్క్ ప్రాంతపు పక్షుల మీద పుస్తకం ప్రచురించాడు. మరుసటి ఏడాది ఏర్పడిన బ్రాంక్స్ కౌంటీ బర్డ్ క్లబ్ కుర్రవాళ్లకు అది పాఠ్యగ్రంథమైంది. వారితో కలిసి తిరిగిన రోజర్ టోరీ పీటర్సన్ 1934లో తన మార్గదర్శినిలో ప్రతి పిట్ట బొమ్మ పక్కనా చూడవలసిన చోటికి చిన్న గీత గీసి చూపాడు. కళ్లచుట్టూ ఉంగరం, రెక్కమీది పట్టీ, తోక అంచున తెలుపు వంటి గుర్తులను ఆ గీత పట్టి ఇస్తుంది. పలువురు ప్రచురణకర్తలు తిరస్కరించిన ఆ పుస్తకం తొలి ముద్రణలోని 2,000 ప్రతులు కొద్ది రోజుల్లోనే చెల్లిపోయాయి.

1918 నాటి వలసపక్షుల ఒడంబడిక చట్టం తర్వాత తుపాకీ బెడద చాలావరకు తొలగినా నగరం మరో రూపంలో ప్రమాదమైంది. రాత్రి దీపాలకు దారితప్పి, పగలు అద్దంలోని చెట్టు ప్రతిబింబాన్ని నిజమైన చెట్టనుకుని గోడలను ఢీకొని, న్యూయార్క్‌లో ఏటా 90,000 నుంచి 2,30,000 పక్షులు చనిపోతున్నాయని, అప్పట్లో ఆడుబాన్ సంఘం పేరుతో ఉన్న అక్కడి పక్షి సంరక్షణ సంస్థ అంచనా వేసింది. గోడల కింద రాలిన పిట్టలను తెల్లవారుజామునే ఏరి, జాతులవారీగా నమోదు చేసిన ఆ సంఘపు కార్యకర్తల లెక్కలు ఆధారంగా నిలవగా, కొత్త భవనాల్లో నేలనుంచి 75 అడుగుల ఎత్తువరకు పక్షుల కంటికి ఆనే గాజునే వాడాలన్న నిబంధనను నగరపాలక మండలి 2019 డిసెంబరులో ఆమోదించింది.