ఇంటిబండి పైకప్పు మీది లెక్క

పడక, వంటగది, స్నానాలగది అమర్చుకొని ఊరూరా తిరిగే ఇంటిబండిని అమెరికాలో ఆర్వీ అంటారు. దానికి ఎన్ని వాట్ల సోలార్ ప్యానెళ్లు, ఎంత బ్యాటరీ కావాలన్న లెక్క ఎండ కంటే ఎక్కువగా సీసపు బ్యాటరీ స్వభావాన్ని బట్టి రూపుదిద్దుకొంది. 1954లో బెల్ ప్రయోగశాలలో చాపిన్, ఫుల్లర్, పియర్సన్ రూపొందించిన సిలికాన్ సెల్ ఎండలో దాదాపు 6 శాతాన్ని విద్యుత్తుగా మార్చగలిగినా, దాని ఖరీదు చాలాకాలం ఉపగ్రహాలకే తగింది; 1970ల తొలినాళ్లలో ఎలియట్ బెర్మన్ వాటు ధరను 100 డాలర్ల నుంచి 20 డాలర్లకు దింపాక గాని అది కరెంటు తీగ చేరని చోట్లకు దిగిరాలేదు. అక్కడ విద్యుత్తును దాచేది 12 వోల్టుల సీసపు బ్యాటరీ. అది నిండాలంటే 14 వోల్టులకు పైగా అందాలి. ఒక్కో సెల్ ఇచ్చేది సుమారు అర వోల్టు. వేడికి కొంత, తీగల్లో కొంత తరుగు పోతుంది. అవన్నీ పోను సరిపోయేలా 36 సెళ్లను వరుసగా కలిపిన ప్యానెల్ ప్రమాణమై, అదే ఆర్వీల మీదికీ ఎక్కింది.

ఈ లెక్కకు అసలు పరీక్ష అరిజోనా ఎడారిలోని క్వార్ట్‌సైట్ దగ్గర జరిగింది. ఉత్తరాది చలికి తాళలేక శీతకాలమంతా దక్షిణాన గడిపే విశ్రాంత ఉద్యోగులు, స్నోబర్డ్‌లని పేరుపడినవారు, అక్కడి ప్రభుత్వ భూముల్లో సెప్టెంబరు 15 నుంచి ఏప్రిల్ 15 దాకా నామమాత్రపు రుసుముతో విడిది చేయవచ్చు. కరెంటు కనెక్షన్ మాత్రం ఉండదు. ఫ్రిజ్ ప్రొపేన్ గ్యాసుతో నడిచేది గనుక వారి వాడకం స్వల్పం: రెండు 18 వాట్ల బల్బులు నాలుగు గంటలు వెలిగితే 12 ఆంపియర్-గంటలు, 7 ఆంపియర్లు లాగే హీటరు ఫ్యాను రాత్రంతా ఆగి ఆగి మొత్తం అయిదు గంటలు తిరిగితే 35, నీటి పంపుకు మరికొంత, వెరసి 50. గోల్ఫ్ బండ్లకు వాడే 6 వోల్టుల బ్యాటరీలు రెండు కలిపితే 220 ఆంపియర్-గంటలు. సగానికి మించి ఖాళీచేస్తే సీసపు పలకలు త్వరగా చెడతాయి కాబట్టి చేతికందేది 110, అంటే రెండు రాత్రుల మాట.

రోజుకు ఆ 50ని తిరిగి నింపడానికి, అయిదు గంటల నిండు ఎండ దొరికితే, నష్టాలు కలుపుకొని 160 వాట్లు చాలు. అయితే డిసెంబరు మధ్యాహ్నం క్వార్ట్‌సైట్‌లో సూర్యుడు 33 డిగ్రీల ఎత్తునే ఉంటాడు. పైకప్పుపై పడుకోబెట్టిన ప్యానెల్ మీద నేరుగా పడే ఎండలో సగానికి కొంచెం మించి మాత్రమే పడుతుంది. అందుకే ప్యానెల్ అంచును దక్షిణానికి వాలుగా ఎత్తి నిలిపే అలవాటు వచ్చింది. ఖర్చులేని ఈ చిన్న పని అదనపు ప్యానెల్ కొనడంతో సమానం. సీసపు బ్యాటరీకి మరో పేచీ ఉంది: చివరి అయిదో వంతు నింపుకొనేటప్పుడు కరెంటును మెల్లగా తప్ప తీసుకోదు, ఈలోగా పొద్దు గూకుతుంది.

1990ల ద్వితీయార్ధంలో గుడెనఫ్ బృందం టెక్సాస్ విశ్వవిద్యాలయంలో వెలుగులోకి తెచ్చిన లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌తో చేసిన బ్యాటరీ, సగానికి మించి ఖాళీ చేయలేకపోవడం, చివర్లో మెల్లగా నిండడం అనే ఈ రెండు చిక్కులనూ తీర్చింది. సున్నా డిగ్రీల కంటే చల్లబడితే దాన్ని ఛార్జి చేయరాదన్నది మాత్రం కొత్త చిక్కు. దానితోపాటు కోరికా పెరిగి, గ్యాసు ఫ్రిజ్ స్థానంలోకి కంప్రెసర్ ఫ్రిజ్ వచ్చింది, ఏసీని కూడా బ్యాటరీ మీదే నడపాలన్న పట్టుదల మొదలైంది. సుమారు 1,500 వాట్లు లాగే ఆ ఏసీ, రెండు రాత్రులు నడిపించిన ఆ గోల్ఫ్ బండి బ్యాటరీలను గంటలోపే సగం ఖాళీ చేస్తుంది. పైగా ప్యానెళ్లు పరచవలసిన పైకప్పు మీదే కూర్చొని, వాటిపై నీడ కూడా వేస్తుంది.