కీళ్లనొప్పుల మందులు: మూలిక, మాత్ర, చట్టం

1. ఉపోద్ఘాతం

ఈ పాఠం మొదలుపెట్టే ముందు మీ ఇంట్లో పెద్దవాళ్ల మందుల డబ్బా ఒకసారి తెరిచి చూడండి. మోకాళ్ల నొప్పికి గుగ్గులు మాత్రలు, పసుపు సారం క్యాప్సూల్స్, గ్లూకోసమైన్ సీసా, వాటి పక్కనే గుండెజబ్బుకు డాక్టరు రాసిన మాత్రలు కనిపించవచ్చు. ఇవన్నీ వేసుకునేది ఒక్క మనిషే. చట్టం మాత్రం వీటిని ఒకే దృష్టితో చూడదు. ఈ తేడా ఎలా వచ్చిందో, దానివల్ల మనం ఎందుకు జాగ్రత్తపడాలో ఈ పాఠంలో తెలుసుకుందాం.

2. మొక్క నుంచి మందు

"మూలికే కదా, హాని చేయదు" అనే మాట మీరు వినే ఉంటారు. చరిత్ర ఈ మాటను బలపరచదు. విల్లో చెట్టు బెరడు జ్వరాన్ని తగ్గిస్తుందని ఎడ్వర్డ్ స్టోన్ అనే ఇంగ్లండు మతాచార్యుడు 1763లో రాయల్ సొసైటీకి తెలియజేశాడు. 1828లో మ్యూనిక్‌లో బుక్నర్ ఆ బెరడు నుంచి సాలిసిన్‌ను వేరుచేశాడు. ఆ దారిలోనే రూపొందిన ఆస్పిరిన్ 1899లో మార్కెట్లోకి వచ్చింది.

మరో ఉదాహరణ చూడండి. 1920లలో ఉత్తర అమెరికాలో, పాడైపోయిన స్వీట్ క్లోవర్ మేత తిన్న పశువులు రక్తస్రావంతో చనిపోయాయి. దానికి కారణమైన పదార్థాన్ని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో కార్ల్ లింక్ బృందం గుర్తించింది. ఆ పరిశోధన ఫలితమే వార్ఫరిన్. మొదట ఎలుకల మందుగా అమ్మిన దీనిని 1954 నుంచి మనుషుల్లో రక్తం గడ్డకట్టకుండా వాడుతున్నారు.

3. చట్టంలో మూడు గదులు

మన దేశంలో కల్తీ, నాసిరకం మందుల సమస్యను పరిశీలించడానికి 1930లో ఆర్.ఎన్. చోప్రా అధ్యక్షతన ఒక కమిటీ ఏర్పడింది. 1931లో అది నివేదిక ఇచ్చింది. 1940లో ఔషధాల చట్టం వచ్చింది. ఆయుర్వేద, సిద్ధ, యునానీ మందుల కోసం 1964 సవరణ ఆ చట్టంలో ప్రత్యేక అధ్యాయం చేర్చింది. వత్సనాభి, నల్లజీడి వంటి విషద్రవ్యాలున్న మందులకు వైద్య పర్యవేక్షణ అవసరమనే హెచ్చరిక కూడా నియమాల్లో ఉంది. ఇక హెల్త్ సప్లిమెంట్లు 2006 ఆహార భద్రతా చట్టం కిందికి, దాని నిబంధనల కిందికి వస్తాయి. అంటే చట్టం దృష్టిలో అవి ఆహారం. ఔషధంగా వాడరాదని వాటి లేబుల్ మీద ముద్రించాలి.

4. శరీరానికి గదులు లేవు

ఈ విభజన పాలనకు అవసరమే. కానీ కడుపులోకి వెళ్లాక ఏ సీసా ఏ చట్టం కిందిదో శరీరానికి తెలియదు. వార్ఫరిన్ వాడేవారు పసుపు సారం క్యాప్సూల్స్‌నో గ్లూకోసమైన్‌నో తోడుచేసినప్పుడు రక్తస్రావం ముప్పు పెరిగిన సందర్భాలు వైద్యుల దృష్టికి వచ్చాయి. కూరలో చిటికెడు పసుపు వేరు, గాఢమైన సారం వేరు. గ్లూకోసమైన్‌ను తరచుగా రొయ్యలు, పీతల పెంకుల నుంచి తీస్తారు కనుక అవి పడనివారూ జాగ్రత్తపడాలి.

కలయిక గురించిన ఆలోచన మనకు కొత్తది కాదు. చరకసంహిత విరుద్ధాహారాన్ని చర్చించింది. మన ఊళ్లలో మందిచ్చిన వైద్యుడు పథ్యం కూడా చెప్పేవాడు. అంటే ఆ మందుతో పాటు ఏం తినాలో, ఏం మానాలో ఆయనే చూసుకునేవాడు. నేడు ఒక సీసా అంగడిలో, ఒకటి ఆయుర్వేద దుకాణంలో, ఒకటి ఆసుపత్రిలో కొంటున్నాం. మూడింటినీ కలిపి చూసేవారు లేకపోవడమే అసలు సమస్య.

కాబట్టి ఇంట్లో వాడే ప్రతిదీ ఒక కాగితం మీద రాసి డాక్టరుకు, ఆయుర్వేద వైద్యుడికి చూపించండి. కొత్తవి రెండు మూడు ఒకేసారి మొదలుపెట్టవద్దు. ఆపరేషన్ ఉంటే ముందే చెప్పండి. డాక్టరు రాసిన మందును సొంతంగా మానవద్దు. చిగుళ్ల నుంచి రక్తం వచ్చినా, మలం నల్లగా మారినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లండి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

మీ ఇంటి మందుల డబ్బాలోని వాటిని పై మూడు గదుల్లోకి విభజించండి. ఆ జాబితాను డాక్టరుకు చూపించారా?