సర్దార్: పుట్టుకతో వచ్చినదీ, జనం ఇచ్చినదీ

పారసీకంలో ‘సర్’ అంటే తల, ‘దార్’ అంటే కలిగినవాడు. మన శిరస్సుకు ఆ ‘సర్’ దాయాదే. ‘దార్’నైతే జమీందారు, తహసీల్దారు, హవల్దారు అంటూ తెలుగులోనూ తరాలుగా పలుకుతున్నాం. దండుకు తలగా నిలిచినవాడు సర్దార్. ఉర్దూలో ఈ మాటకు పట్టింపులు లేవు: దొంగల ముఠాకు పెద్దా సర్దారే, కవి అలీ సర్దార్ జాఫ్రీ పేరులోనూ అదే మాట.

పంజాబ్‌లో మాత్రం దీన్ని పోరాడి సంపాదించుకున్నారు. మొఘల్ సుబేదార్లనూ అహ్మద్ షా అబ్దాలీనీ ఎదిరించిన సిక్కు దళాలు 1748లో దళ్ ఖాల్సాగా ఒక్కటయ్యాయి. అందులోని మిస్ల్‌లు అనే దళాల నాయకులే సర్దార్లు. వడ్రంగుల కులంలో పుట్టిన జస్సా సింగ్ రామ్‌గఢియా కూడా అలాంటి సర్దారే. 1849లో సిక్కు రాజ్యాన్ని ఇంగ్లీషువాళ్లు కలుపుకున్నా మాట పోలేదు, ఇంటింటికీ చేరింది. ఇవాళ తలపాగా కట్టిన ప్రతి సిక్కూ సర్దార్జీయే, ఆయన ఇల్లాలు సర్దార్నీ.

1928లో బార్డోలీ రైతులు పన్ను కట్టబోమని నిలబడినప్పుడు వల్లభ్‌భాయ్ పటేల్‌కు దక్కిన సర్దార్ బిరుదూ ఈ తోవలోదే. జమీందారీకి ఎదురు నిలిచిన మన గౌతు లచ్చన్ననూ జనం సర్దార్ అనే పిలుచుకున్నారు.

బలూచిస్తాన్‌లో కథ వేరు. అక్కడ సర్దార్ అంటే తెగకు పెద్ద. తండ్రి పోతే తెగ పెద్దలంతా కూడి వారసుడి తలకు పాగా చుడతారు. ఆ వేడుకను దస్తార్‌బందీ అంటారు. తగాదాలు తీర్చేది సర్దారే. పంటలో ఆరో వంతు ‘శశక్’ పేరుతో ఆయన ఇంటికి చేరేది. అయినా తెగ మనసు విరిగితే ఆయనకు బలం లేదు. 1876లో ఇంగ్లీషు అధికారి రాబర్ట్ శాండెమన్ మస్తూంగ్‌లో కలాత్ పాలకుడైన ఖాన్‌కూ సర్దార్లకూ రాజీ కుదిర్చాడు. దారులు కాచినందుకు సర్దార్లకు భత్యాలు ముట్టే పద్ధతి పాతుకుంది. సర్కారు సొమ్ము అందేవాడికి తన మనుషుల మెప్పుతో పని తగ్గుతుంది. ఆ మాట అక్కడ బరువెక్కి జనం మీద పడింది అప్పుడేనని నా నమ్మకం.

1972లో బలూచిస్తాన్ తొలి ముఖ్యమంత్రి అయినవాడు కూడా ఒక సర్దారే, అతావుల్లా మెంగల్. 1976లో పాకిస్తాన్‌లోని భుట్టో ప్రభుత్వం సర్దారీ వ్యవస్థను రద్దు చేస్తూ చట్టం తెచ్చింది. పాగాలు చుట్టడం మాత్రం ఆగలేదు. ఆ పాగా చుట్టుకున్నవాళ్లే ఎన్నికల్లో నిలబడి శాసనసభకు వెళుతున్నారు.