జాబితాకెక్కిన పేరు: ఆన్‌లైన్ డైరెక్టరీల పుట్టుపూర్వోత్తరాలు

వెబ్‌సైట్ పెట్టిన వ్యాపారి తర్వాత చేయాల్సింది దాన్ని నాలుగు ఆన్‌లైన్ డైరెక్టరీల్లో ఎక్కించడమేనని ఇవాళ డిగ్రీ కుర్రాడైనా చెబుతాడు. ఈ ఆనవాయితీకి మూలం ఎల్లో పేజీలని అందరూ అనే మాట. అది సగమే నిజం. ఎల్లో పేజీలు టెలిఫోన్ డైరెక్టరీ సంతతి. 1878 ఫిబ్రవరిలో అమెరికాలోని న్యూహేవెన్‌లో ఒక్క కాగితం మీద అచ్చైన తొలి టెలిఫోన్ డైరెక్టరీలో యాభై పేర్లున్నాయి. నంబర్లు లేవు, పేరు చెబితే ఆపరేటర్ లైను కలిపేవాడు. ఫోన్ పెట్టించుకున్నవాడి పేరు దానంతటదే అందులో పడేది. ఎవరికీ అర్జీ పెట్టుకోనక్కర్లేదు, ఎవరూ వచ్చి చూసేది లేదు. మన గురించి మనమే రాసి పంపితే, అవతల ఒక మనిషి పరిశీలించి సరేనన్నాకే పేరెక్కే పద్ధతి వేరు. ఆ పద్ధతి మూలాలు వెతకాలంటే న్యూహేవెన్‌కన్నా హైదరాబాద్ పాతబస్తీ అంచున ఉన్న కంచన్‌బాగ్ మేలైన చోటు.

1960లలో రక్షణ పరిశోధన సంస్థకు చెందిన క్షిపణి, లోహ ప్రయోగశాలలు డీఆర్‌డీఎల్, డీఎంఆర్‌ఎల్ హైదరాబాద్‌కు తరలివచ్చాయి. 1970లో భారత్ డైనమిక్స్, 1973లో మిశ్ర ధాతు నిగమ్, అంటే ఊరంతా మిధాని అనే సంస్థ, ఏర్పడ్డాయి. నాలుగింటికీ కంచన్‌బాగే చిరునామా. 1982లో అబ్దుల్ కలాం డీఆర్‌డీఎల్ డైరెక్టర్‌గా వచ్చారు, మరుసటి ఏడాది సమీకృత క్షిపణి కార్యక్రమం మొదలైంది. ఇంత పని గోడల లోపలే జరిగేది కాదు, బయటి వర్క్‌షాపుల చేయి కావాలి. లేత్, మిల్లింగ్ పెట్టుకున్న యజమానికి ఇలాంటి కంపెనీల గేటు దాటే దారి వెండర్ రిజిస్ట్రేషన్. ఫారం నింపాలి, ఉన్న యంత్రాల పట్టిక జతచేయాలి, అంతకుముందు ఎవరికి ఏం చేసిచ్చాడో చూపాలి, నాణ్యత సర్టిఫికెట్ పెట్టాలి. అవసరమైతే అధికారి షెడ్డుకొచ్చి యంత్రం ఉందా, తిరుగుతోందా అని చూస్తాడు. అంతా కుదిరితే ఫలానా రకం పనికి ఫలానా యూనిట్ అని జాబితాలో ఎక్కుతుంది. టెండరు పిలిచినప్పుడు కొనుగోలు విభాగం ముందుగా తెరిచేది ఆ జాబితానే. దాని విలువంతా చూసి రాశారన్న నమ్మకంలో ఉంది. నా వాదన ఇదే: డైరెక్టరీ బతికేది పేర్ల సంఖ్య వల్ల కాదు, పేరెక్కించే ముందు ఎవరో ఒకరు తనిఖీ చేయడం వల్ల.

ఇంటర్నెట్ చరిత్ర దీనికి గట్టి సాక్ష్యం. 1994లో స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు జెర్రీ యాంగ్, డేవిడ్ ఫైలో చేత్తో కూర్చిన సైట్ల పట్టికే యాహూ అయింది. ఏ సైటు ఏ వర్గంలోకి వస్తుందో మనుషులే చూసి పెట్టేవారు. పోటెత్తిన దరఖాస్తులకు సిబ్బంది చాలలేదు. కొన్నాళ్లకు వ్యాపార సైట్ల పరిశీలనకు ఏటా 299 డాలర్ల రుసుం వచ్చింది, అది కట్టినా పేరెక్కుతుందన్న హామీ లేదు. 1998లో మొదలైన ఓపెన్ డైరెక్టరీ, వాడుకలో డీమాజ్, స్వచ్ఛంద సంపాదకులతో అదే పని ఉచితంగా చేసింది. అప్పుడే కథ అడ్డం తిరిగింది. ఒక సైటుకు ఎన్ని లింకులు వచ్చి చేరాయో చూసి గూగుల్ వరుస నిర్ణయించసాగింది. దాంతో చదివేవాడు ఒక్కడూ లేని డైరెక్టరీలు పుట్టగొడుగుల్లా మొలిచాయి. డబ్బో, బదులు లింకో ఇస్తే చాలు, ఎవరి పేరైనా ఎక్కుతుంది. అవి కొనుగోలుదారు కోసం రాసినవి కావు, గూగుల్ యంత్రం కంట పడటానికి రాసినవి. 2012 ఏప్రిల్‌లో పెంగ్విన్ అనే మార్పుతో గూగుల్ అలాంటి లింకుల మీద పైకొచ్చిన సైట్లను కిందికి నెట్టేసరికి ఆ డైరెక్టరీల గిరాకీ పడిపోయింది. అయితే తనిఖీ ఉన్న యాహూ డైరెక్టరీ 2014 చివర్లో, డీమాజ్ 2017 మార్చిలో మూతపడ్డాయి కదా అని అడగవచ్చు. నిజమే. కానీ ఆ రెండూ తనిఖీ ఎక్కువై పోలేదు. సైట్లు పెరిగిన వేగాన్ని చూసే కళ్లు అందుకోలేకపోయాయి. పాత పేజీలు పాతగానే మిగిలాయి, ఈలోపు వెతకడమే జనానికి అలవాటైంది.

మన దేశంలో దారి కాస్త వేరుగా సాగింది. 1996లో మొదలైన ఇండియామార్ట్ తొలిరోజుల్లో ఇంటర్నెట్‌లో వచ్చిన ఎంక్వైరీలను కాగితం మీద తీసి వ్యాపారులకు ఫ్యాక్స్ చేసేది. ఎందుకంటే జాబితాలో ఉన్నవారిలో చాలామందికి కంప్యూటరే లేదు. అదే ఏడాది వచ్చిన జస్ట్ డయల్‌లో ఫోన్ చేసి అడిగితే అవతల మనిషి చదివి చెప్పేవాడు. అంతకు ఏడాది ముందు, 1995లో, సుప్రీంకోర్టు టాటా ప్రెస్ కేసులో ఒక పెద్ద చిక్కు విప్పింది. ఫోన్ చందాదారుల జాబితా అచ్చు వేసే హక్కు తమకొక్కరికేనని ప్రభుత్వ టెలిఫోన్ సంస్థ ఎంటీఎన్ఎల్ వాదించింది. టాటా ప్రెస్ అచ్చువేసే ఎల్లో పేజీలు ప్రకటనల సంపుటి, వ్యాపార ప్రకటన కూడా వాక్‌స్వాతంత్ర్యంలో భాగమే అని కోర్టు తేల్చింది. ఈ తీర్పుకు మన వ్యాపార చరిత్రలో దక్కాల్సినంత పేరు దక్కలేదనిపిస్తుంది. అయితే అది ఇచ్చింది అచ్చు వేసుకునే స్వేచ్ఛ. వేసినదాంట్లో నిజమెంతో చూసే బాధ్యత ఎవరికీ అప్పగించలేదు.

తనిఖీ అంటే చిన్నవాడిని గుమ్మం బయట నిలబెట్టడమేగా అన్నది బలమైన అభ్యంతరం. పాత అనుభవం, టర్నోవరు అడిగితే కొత్త యూనిట్‌కు అవి ఎక్కడినుంచి వస్తాయి? దీన్ని కొట్టిపారేయలేం. అందుకే 2012 ఏప్రిల్ నుంచి అమలైన ప్రభుత్వ కొనుగోళ్ల విధానం సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు 20 శాతం వాటా పెట్టింది, 2018లో అది 25 శాతమైంది. 2016 ఆగస్టులో వచ్చిన ప్రభుత్వ కొనుగోళ్ల పోర్టల్ జెమ్‌లో అమ్మకందారు ఇంట్లో కూర్చునే నమోదు కావచ్చు. కానీ అక్కడా పాన్, జీఎస్టీ, ఉద్యమ్ వివరాలు ఆయా ప్రభుత్వ రికార్డులతో సరిపోవాలి. గుమ్మం ఎత్తు తగ్గించారు, తలుపు పీకేయలేదు. ప్రైవేటు డైరెక్టరీల్లోనైతే చిన్నవాడికి అసలు అడ్డు ఫీజు. డబ్బు కట్టినవాడి పేరు పైన పెట్టే డైరెక్టరీ పనితనం చూసి పెట్టదు.

ఇంతకీ కంచన్‌బాగ్ వ్యాపారి ఇవాళ ఏం చేయాలి? ముందు తన చిరునామా ఒక్క తీరుగా రాయాలి. ఒకచోట డీఎంఆర్‌ఎల్ క్రాస్ రోడ్స్, ఇంకోచోట ఒవైసీ హాస్పిటల్ చౌరస్తా, మరోచోట మిధాని డిపో దగ్గర అని రాస్తే గూగుల్ యంత్రం వాటిని మూడు దుకాణాలుగా లెక్కేయగలదు. 2021 డిసెంబరులో కలాం పేరుతో ఫ్లైఓవర్ తెరిచాక ఆనవాళ్ల వరసలో అదీ చేరింది. 500058 అన్న పిన్‌కోడ్, షాపు నంబరు, ఒకే ఫోన్ నంబరు అన్నిచోట్లా అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌కు ఒకప్పుడు పోస్టుకార్డులో కోడ్ వచ్చేది. ఇప్పుడు చాలామందిని వీడియో తీయమంటోంది: వీధి కనిపించాలి, బోర్డు కనిపించాలి, లోపలి యంత్రాలు కనిపించాలి, తాళం తీసో మరోలాగో ఈ చోటు తనదేనని చూపాలి. షెడ్డుకొచ్చిన అధికారి చూసేవీ దాదాపు ఇవే. బోర్డు లేకుండా సందు లోపల, తెలిసినవాళ్ల నోటి మాట మీదే నడిచే వర్క్‌షాపుకు ఈ వీడియో దగ్గరే పని ఆగుతుంది. పాతిక డైరెక్టరీల్లో పేరెక్కిస్తామనే ఏజెంటుకు కట్టే డబ్బు ముందు ఆ బోర్డు రాయించడానికి పెట్టడం నయం.